మంచానికి నాలుగు కోళ్ళు

చదువవలసిన వాక్యభాగము: మార్కు సువార్త 2:1–12



మన పల్లెల్లో "నలుగురూ మోసుకెళ్ళారు" అంటే ఒకటే అర్థం: అది చివరి ప్రయాణం. కాని మార్కు సువార్త రెండవ అధ్యాయములో నలుగురు మనుషులు ఒక మనిషిని మోసింది సమాధికి కాదు, జీవానికి. కఫర్నాములో ప్రభువు ఉన్న ఇల్లు జనంతో క్రిక్కిరిసి ఉంది. వాకిట కూడా నిలబడే చోటు లేదు. ఆ నలుగురు నిరాశపడి వెనక్కి తిరగలేదు. కప్పు మీదికెక్కి, దాన్ని విప్పి, పడకతో సహా ఆ పక్షవాత రోగిని ప్రభువు ముందుకు దించారు.

ఈ వాక్యభాగాన్ని మనం ఎన్నోసార్లు విన్నాము. ఈ వారం దీన్ని ఒక ప్రత్యేకమైన బాధను దృష్టిలో ఉంచుకొని చదువుదాం. తాటిచెట్టు మీద నుండి జారిపడినవారు, పరంజా మీద నుండి పడిన తాపీ మేస్త్రీలు, మోటారు సైకిలు ప్రమాదంలో నడుము విరిగిన యువకులు మన విచారణల్లో అక్కడక్కడ ఉన్నారు. వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు గాని, కాళ్ళూ చేతులూ గాని చచ్చుబడి, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చినవారు వీరు. ఇంటికి వచ్చిన రోజున చుట్టాలు వస్తారు, ఊరంతా వస్తుంది. నెల తిరిగేసరికి ఆ గదిలో మిగిలేది అతడూ, అతని భార్యో తల్లో. ఆ ఇద్దరికి ఏమి తెలియాలి? మిగిలినవారు ఏమి చేయాలి? ఇదే మన పాఠం.

ముందుగా వాక్యభాగములో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, మోసినవారు నలుగురు. ఒక్కరు మోయలేదు. రెండవది, ప్రభువు చూసినది ఆ మోసినవారి విశ్వాసాన్ని. రోగి విశ్వాసం ఎంత అని ఆయన అడగలేదు. మూడవది, ప్రభువు కాళ్ళను బాగుచేయక ముందే అతనిని కుమారా అని పిలిచి, అతని హృదయాన్ని స్వస్థపరిచారు. ఆ తరువాతనే తన పడకను తానే ఎత్తుకొని ఇంటికి పొమ్మన్నారు. అప్పటిదాకా మంచం మనిషిని మోసింది. ఆపైన మనిషి మంచాన్ని మోశాడు.

మన ఇంట్లో ఉన్న మనిషి మళ్ళీ నడుస్తాడో లేదో దేవునికి తెలుసు. కాని నడవకపోయినా, తన పడక బరువును, అంటే తన బ్రతుకు బరువును, తానే ఎత్తుకొనే స్థితికి అతనిని తీసుకురావచ్చు. వైద్యులు పునరావాసం అనేది దీన్నే. ఎల్లకాలం మోయడం దాని ఉద్దేశం కాదు. అతడు తన జీవితానికి తానే యజమాని కావాలన్నదే దాని ఉద్దేశం.

వెన్నుపాము దెబ్బతింటే ఏమవుతుంది?

వెన్నెముక ఎముకల గొలుసు. దాని లోపల మెదడు నుండి నడుము పైభాగం దాకా దిగే వేలెడు లావు నరాల తాడే వెన్నుపాము. మెదడు ఆజ్ఞలు కిందికి పోవడం, చర్మానికి తగిలిన స్పర్శ, వేడి, నొప్పి పైకి రావడం దీని ద్వారానే. మెడ దగ్గర దెబ్బతింటే చేతులు, కాళ్ళు రెండూ పడిపోవచ్చు. వీపు, నడుము దగ్గర దెబ్బతింటే కాళ్ళు పడిపోతాయి. కాళ్ళతో పాటు మూత్రం, మలం మీద అదుపు కూడా పోతుంది. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు. గాయంలో భాగమే.

దెబ్బ కింద కొంతైనా స్పర్శో కదలికో మిగిలితే దాన్ని అసంపూర్ణ గాయమంటారు. అలాంటివారిలో కోలుకొనే అవకాశం ఎక్కువ. తిరిగి వచ్చే శక్తిలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుండి ఏడాది లోపల వస్తుంది. తెగిన వెన్నుపామును మునుపటిలా అతికించే మందు ఇంతవరకు లేదు. "కాళ్ళు తెప్పిస్తాం, గ్యారంటీ" అని తైలాలు, కట్లు, సూదులు అమ్మేవారికి పొలం అమ్మి డబ్బు పోయకండి. ఆ డబ్బు మంచి చక్రాల కుర్చీకి, పరుపుకు, ఫిజియోథెరపీకి ఉపయోగపడుతుంది.

ఒక మాట మరువకండి. పడిపోయిన కాలు ఒక్కోసారి తనంతట తాను ఎగిరిపడుతుంది, బిగుసుకుంటుంది. దాన్ని చూసి "నడక వచ్చేస్తోంది" అని సంబరపడవద్దు, "గాలి సోకింది" అని భయపడవద్దు. అది నరాల ప్రతిచర్య. మరీ ఎక్కువైతే వైద్యునికి చెప్పాలి. అకస్మాత్తుగా పెరిగితే ఎక్కడో పుండో, మూత్రంలో చీమో ఉన్నదన్న సూచన కావచ్చు.

మొదటి కోడు: శరీరాన్ని కాపాడడం

రెండవ ప్రపంచ యుద్ధ కాలం దాకా వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది కొద్ది కాలంలోనే చనిపోయేవారు. వారిని చంపింది వెన్ను గాయం కాదు. పడక పుండ్లు, మూత్రపు వ్యాధులు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ఈ రోగుల విభాగాన్ని ప్రారంభించి, రాత్రింబగళ్ళు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పించే పద్ధతిని పట్టుబట్టి అమలుపరిచారు. చావు కోసం ఎదురుచూసినవారు బ్రతికారు, పనుల్లో చేరారు. 1948లో ఆ ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీల మీద కూర్చుని 16 మంది విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్ క్రీడలకు మూలం అదే. ఆయన విజయంలో పెద్ద భాగం ఖరీదైన యంత్రాలది కాదు, సమయం తప్పని సేవది. ఆ సేవ మన ఇంట్లోనూ చేయవచ్చు.

1. పడక పుండ్లు: స్పర్శ లేనివానికి ఒకే చోట ఒత్తుకుంటున్నట్లు తెలియదు. అందుచేత పడకలో రెండు గంటలకొకసారి ప్రక్క మార్చాలి. కుర్చీలో ఉన్నప్పుడు పావుగంట నుండి అరగంటకొకసారి చేతులతో ఒళ్ళు పైకెత్తుకోవాలి, లేదా ముందుకూ ప్రక్కలకూ వంగాలి. ఉదయం, సాయంత్రం నడుము కింది భాగం, పిరుదులు, తుంటి, మడమలు, చీలమండలు చూడాలి. అతడే చేతి అద్దంతో చూసుకోవడం నేర్చుకుంటే మరీ మంచిది. బరువు తీసిన అరగంటకు కూడా ఎరుపు, నలుపు మచ్చ తగ్గకపోతే అది పుండుకు నాంది. ఆ చోట బరువు పడనీయవద్దు, రుద్దవద్దు, వైద్యునికి చూపండి. మధ్యలో రంధ్రం ఉన్న గాలి చక్రాల మీద కూర్చోబెట్టవద్దు. అవి చుట్టూ రక్తప్రసరణను ఆపుతాయి.

2. కాలిన గాయాలు: వేడినీళ్ళు ముందు మీ చేతితో చూసి పోయండి. వేడి గిన్నె ఒడిలో పెట్టుకోనీయకండి. మోటారు సైకిలు సైలెన్సరుకు కాలు తగిలినా అతనికి తెలియదు.

3. మూత్రం: ఎల్లవేళలా గొట్టం ఉంచడం కంటే, నాలుగు నుండి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసి, వెంటనే గొట్టం తీసివేసే పద్ధతి చాలామందికి మేలు. చేతులు బాగున్నవారు దీన్ని తామే చేసుకోగలరు. ఎవరికి ఏది తగునో వైద్యుడు చెప్పాలి. గొట్టం ముట్టుకొనే ముందు సబ్బుతో చేతులు కడగాలి. మూత్రం భయంతో నీళ్ళు మానిపించకండి. చలిజ్వరం, మూత్రం మడ్డిగా మారడం, దుర్వాసన కనిపిస్తే ఆలస్యం వద్దు.

4. మలవిసర్జన: రోజూ లేక రోజు విడిచి రోజు, ఒకే వేళకు, భోజనమైన అరగంటకు కూర్చోబెడితే శరీరం క్రమంగా ఆ వేళకు అలవాటు పడుతుంది. ఆకుకూరలు, పండ్లు, నీళ్ళు అవసరం. ఈ క్రమం కుదిరితేనే అతడు ధైర్యంగా నలుగురిలోకి రాగలడు, పూజకు రాగలడు.

5. కీళ్ళు: రోజుకు రెండుసార్లు ప్రతి కీలును మెల్లగా పూర్తిగా కదిలించాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కరు కాదు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నేర్చుకోండి.

6. ప్రమాద సూచనలు: ఛాతీ మధ్య భాగానికి పైన దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు వస్తే అది రక్తపోటు విపరీతంగా పెరిగిన గుర్తు. వెంటనే కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి దించి, బిగువు బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం మడతపడిందేమో, మూత్రం నిండిందేమో చూడండి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అలాగే ఒక కాలు మాత్రమే వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఆలస్యం చేయరాదు.

ఇవన్నీ చదివి "ఇది నర్సుల పని" అనుకోవద్దు. మంచి సమరీయుడు గాయాలకు ఆలివు నూనె, ద్రాక్షరసము పోసి కట్టు కట్టినప్పుడు అతడు వైద్యుడు కాడు. దారినపోయేవాడు. మనమూ అంతే.

రెండవ కోడు: అతని మాట, అతని పని అతనికే వదలడం

ప్రేమ ఒక్కోసారి తెలియకుండానే మనిషిని చిన్నవాణ్ణి చేస్తుంది. ముద్దలు కలిపి నోట్లో పెడతాం. చొక్కా మనమే తొడుగుతాం. చూడటానికి వచ్చినవారు అతని మంచం ప్రక్కన నిలబడి "తింటున్నాడా? నిద్రపోతున్నాడా?" అని భార్యను అడుగుతారు. అతడు వింటూనే ఉంటాడు. నిన్నటి దాకా ఇంటికి పెద్దగా ఉండి, బిడ్డ పెళ్ళికీ పొలం కౌలుకూ మాట ఇచ్చినవాడు ఈరోజు అందరి నోటా "వాడు" అయిపోతాడు.

ప్రభువు ఆ పక్షవాత రోగిని గురించి మోసినవారితో మాట్లాడలేదు. అతనితోనే మాట్లాడారు. మనమూ అలాగే చేయాలి. చేతులు పనిచేస్తే అతడే తినాలి, అరగంట పట్టినా సరే. అతడే గడ్డం గీసుకోవాలి. మంచం మీద నుండి కుర్చీలోకి తానే జరగడం నేర్చుకోవాలి. పడిపోతాడేమోనని పక్కన నిలబడండి. కాని ముందే ఎత్తేయకండి. ఇంటి లెక్కలు అతని చేతికివ్వండి. పిల్లల మార్కుల కార్డు మీద సంతకం అతనిచేతే పెట్టించండి. చేతులు కూడా పడిపోయినవారైతే, ఏ చొక్కా వేయాలో, ఎప్పుడు తిప్పాలో చెప్పే హక్కు వారిదే. ఒకరి సహాయంతో బ్రతికేవాడు ఒకరి ఆజ్ఞ మీద బ్రతకనక్కరలేదు.

మన పొరుగున ఉన్న వేలూరులో జరిగినదే ఇందుకు సాక్ష్యం. మేరీ వర్గీస్ కేరళలోని ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో యువ వైద్యురాలిగా ఉండగా 1954 జనవరిలో రోడ్డు ప్రమాదానికి గురయ్యారు. వెన్నుపాము దెబ్బతిని నడుము కిందుగా శరీరం చచ్చుబడింది. ఇక ఆమె జీవితం ముగిసిందని ఎవరైనా అనుకొనే స్థితి. ఆమె సహ వైద్యుడు పాల్ బ్రాండ్ అలా అనుకోలేదు. కూర్చునే చేయగల శస్త్రచికిత్స ఉన్నదని, కుష్ఠువ్యాధితో వంకరపోయిన చేతులను సరిచేసే పని నేర్చుకొమ్మని ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని ఆ శస్త్రచికిత్సలు చేశారు. తరువాత న్యూయార్కులో పునరావాస వైద్యాన్ని అభ్యసించి తిరిగివచ్చి, వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ వెన్నుపాము రోగులను ఉంచి శిక్షణనిచ్చే పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది. 1986లో ఆమె మరణించారు. మన చిత్తూరు జిల్లా నుండి, ఆంధ్ర, తెలంగాణల నలుమూలల నుండి ఇప్పటికీ రోగులు వేలూరుకు వెళుతున్నారు.

ఆమె కాళ్ళు తిరిగి రాలేదు. కాని ఆమె చేతుల్లో ఇంకా ఏమి మిగిలి ఉందో చూసిన ఒక స్నేహితుడు ఉన్నాడు. మన ఇంటి మనిషి విషయములో ఆ స్నేహితుడు ఎవరు? పోయినవాటిని లెక్కపెట్టేవారు చాలామంది దొరుకుతారు. మిగిలినవాటిని లెక్కపెట్టే ఒక్కరు కావాలి.

దుఃఖానికి కూడా చోటివ్వండి. కోపం, ఏడుపు, మౌనం సహజం. "మొగాడివి, ఏడవకూడదు" అనవద్దు. కాని వారాల తరబడి తిండి, నిద్ర మాని, "నేను ఎందుకు బ్రతకాలి" అంటుంటే దాన్ని ఊరికే అన్న మాటగా తీసుకోవద్దు. వైద్యునికి చెప్పండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నెంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అలాగే ఇదే గాయంతో ఏళ్ళ తరబడి బ్రతుకుతున్న మరొకరిని తీసుకువచ్చి పరిచయం చేయండి. మన వంద మాటలు చేయలేనిది అతని ఒక్క సందర్శన చేస్తుంది.

దంపతులకు ఒక మాట. గాయం వల్ల వివాహం రద్దు కాలేదు. సుఖమందైనా దుఃఖమందైనా అని బలిపీఠం ముందు ఇచ్చిన మాటకు అర్థం ఇప్పుడు తెలుస్తుంది. భార్య కేవలం సేవకురాలిగా, భర్త కేవలం రోగిగా మారిపోకుండా ప్రక్క ప్రక్కన కూర్చుని మాట్లాడుకొనే గడియ ప్రతిరోజూ ఉంచుకోండి. దాంపత్య జీవితం గురించి, బిడ్డల గురించి సిగ్గుపడక వైద్యుని అడగండి. గాయపడిన స్త్రీలు చాలామంది తల్లులు కాగలరు. పురుషులకు కూడా వైద్య సహాయంతో అవకాశం ఉంటుంది.

మూడవ కోడు: ఇల్లు, జీవనాధారం

ఆ నలుగురు ఇంటి కప్పునే విప్పారు. మనం గడప ఒక్కటి తీయలేమా? మంచం ఎత్తు, కుర్చీ ఎత్తు సమానంగా ఉంటే జరగడం తేలిక. తలుపు కనీసం 32 అంగుళాలు ఉంటే కుర్చీ పడుతుంది. మెట్ల బదులు వాలుదారి కట్టేటప్పుడు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే తక్కువైతే కుర్చీ జారుతుంది. మరుగుదొడ్డి విషయం ముందు ఆలోచించండి. ఎక్కువ కుటుంబాలు చివరికి ఆలోచించేది, అతనికి మొదట కావలసినది అదే.

కాగితాల పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకుంటేనే పింఛను, రాయితీలు, చక్రాల కుర్చీ వంటి ఉపకరణాలు అందుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకే పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలైంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం కేటాయించింది. ఇవి భిక్ష కాదు, హక్కు. అడగడానికి నామోషీ పడవద్దు.

కూర్చుని చేయగల పని ఎంత చిన్నదైనా మొదలుపెట్టించండి. కుట్టుమిషను, సెల్‌ఫోను మరమ్మతు, కిరాణా కొట్టు, ట్యూషను చెప్పడం, లెక్కలు వ్రాయడం. మొదటి నెల వంద రూపాయలు వచ్చినా ఆ వందను అతని చేతితోనే ఇంట్లో ఇప్పించండి.

నాలుగవ కోడు: విశ్వాసం, విచారణ సంఘం

"ఏ పాపం చేశాడో!" ఈ మాట మన నోట రాకూడదు. పుట్టుగ్రుడ్డివానిని చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగినప్పుడు ప్రభువు దాన్ని తోసిపుచ్చారు. యోహాను సువార్త 9వ అధ్యాయము చదవండి. "నీకు విశ్వాసం చాలలేదు, అందుకే లేవలేదు" అన్న మాట ఇంకా క్రూరమైనది. ప్రభువు ఆ మోసినవారి విశ్వాసాన్ని చూశారని ముందే అనుకున్నాం. కాబట్టి పరీక్షకు నిలిచేది మంచం మీద ఉన్నవాని విశ్వాసం కాదు. చుట్టూ ఉన్న మనదే.

అద్భుతం కోసం ప్రార్థించవచ్చు, ప్రార్థించాలి కూడా. కాని స్వస్థత కూటానికి తీసుకుపోతూ మందులు ఆపించడం, గొట్టం తీయించడం, "లేచి నిలబడు" అని పదిమందిలో లాగడం విశ్వాసం కాదు. వైద్యుని, మందులను దేవుడే ఇచ్చాడని సీరా జ్ఞానగ్రంథము 38వ అధ్యాయము బోధిస్తున్నది.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం గురించి కూడా ఒక అపోహ ఉంది. పూర్వం దాన్ని అవస్థ అభ్యంగనమని పిలిచినందువల్ల, గురువులు తైలంతో వస్తే చావు దగ్గరపడిందని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండవ వాటికన్ మహాసభ బోధను అనుసరించి 6వ పౌలు జగద్గురువులు 1972లో ఈ సంస్కార విధానాన్ని సవరించారు. తీవ్ర వ్యాధిలో ఉన్నవారెవరైనా దీన్ని పొందవచ్చు. వ్యాధి ముదిరితే మళ్ళీ పొందవచ్చు. విచారణ గురువులకు ముందుగానే కబురుచేయండి. ఇంటికి దివ్యసత్ప్రసాదం తెప్పించుకోండి. అయితే అంతటితో ఆగకుండా, అతనిని దేవాలయానికి తీసుకురండి. గుడి మెట్ల దగ్గర వాలుదారి లేకపోతే ఆ సంగతి విచారణ సభలో ఎత్తండి.

2వ జాన్ పాల్ జగద్గురువులు 1984లో మానవుని బాధను గూర్చి సాల్వీఫిచి దోలోరిస్ అనే లేఖ వ్రాశారు. బాధను ప్రభువు సిలువతో ఏకం చేయమని, అదే సమయంలో మంచి సమరీయునిలా బాధపడేవాని దగ్గర ఆగమని ఆ లేఖలో బోధించారు. ఈ రెండు బోధనలు కలిసే నడవాలి. బాధపడేవానికి "నీ సిలువ నీవు మోయి" అని చెప్పి మనం తప్పుకుంటే అది సగం బోధ. సిలువ మార్గములో 5వ స్థలం దగ్గర మోకరిల్లే మనకు కురేనియా సీమోను గుర్తుండాలి. ప్రభువే తన సిలువకు ఒక మనిషి భుజాన్ని అంగీకరించారు. ఆ జగద్గురువులే 1992లో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని నెలకొల్పారు. 1993 నుండి అది ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు జరుగుతున్నది. ఆ రోజున గుణదల కొండ ఎక్కే మనం, తిరిగివచ్చాక మన వీధిలో మంచాన ఉన్నవారి గడప కూడా ఎక్కుదాం.

ఇక సేవచేసే ఇల్లాలు. రాత్రి రెండు గంటలకొకసారి లేచేది ఆమె. పగలు కూలికో ఆఫీసుకో పోయేదీ ఆమే. "మహాతల్లి, ఎంత ఓర్పు!" అని పొగిడి వెళ్ళిపోతాం. పొగడ్త నిద్ర తేదు. అన్నదమ్ములూ, వారానికి రెండు రాత్రులు ప్రక్క మార్చే పని మీరు తీసుకోండి. వదినలూ, ఒక పూట వంట పంపండి. మరియదళం వారు, విన్సెంట్ డి పాల్ సంఘం వారు, యువజన సంఘం వారు వంతులు వేసుకొని ఒక సాయంత్రం అతనితో కూర్చుంటే ఆమె ఆదివారం పూజకు పోవచ్చు, పుట్టింటికి పోవచ్చు, నిద్రపోవచ్చు. ఆమెకు నడుం నొప్పో, విసుగో వచ్చి ఒకరోజు గట్టిగా మాట్లాడితే దాన్ని పాపంగా లెక్కించకండి. అలసటగా లెక్కించండి.

ముగింపు

మంచానికి ఒక కోడు విరిగితే ఏమవుతుందో మనకు తెలుసు. మిగిలిన మూడూ ఉన్నా మంచం ఒరిగిపోతుంది. శరీర సేవ ఒక్కటే ఉండి గౌరవం లేకపోతే మనిషి లోపల చనిపోతాడు. ప్రార్థన ఒక్కటే ఉండి ప్రక్క మార్చేవారు లేకపోతే పుండు పడుతుంది. డబ్బు ఒక్కటే ఉండి మనుషులు రాకపోతే గది సమాధి అవుతుంది. అందుకే నలుగురు కావాలి.

ప్రభువు ఆ మనిషిని ఎక్కడికి పంపారో చూడండి. తన ఇంటికి. ఊరిలో తన స్థానానికి. మన ఇంటి మనిషి కాళ్ళతో నడిచి రాకపోవచ్చు, చక్రాల మీద రావచ్చు. వీధి చివర కొట్టు తెరిచి, బిడ్డ చేత గల్లాపెట్టె మూయించి, సాయంత్రం జపమాలకు తానే మొదలు చెప్పిన రోజున, అతడు తన పడకను ఎత్తుకున్నట్లే.

కుటుంబంలో చర్చించుకొనుటకు:

1. మన ఇంట్లో, వీధిలో మంచాన ఉన్నవారితో మనం నేరుగా మాట్లాడుతున్నామా, లేక వారిని గురించి ఇతరులతో మాట్లాడుతున్నామా?
2. వారు తామే చేసుకోగల ఏ పనిని మనం తొందరపడి చేసేస్తున్నాం?
3. నాలుగు కోళ్ళలో ఏ కోడు మన వంతు?

ఈ వారం తీర్మానం: మన విచారణలో ఇలాంటి ఒక కుటుంబాన్ని వెతికి, సేవచేసేవారికి ఒక పూట విశ్రాంతి ఇచ్చే బాధ్యత తీసుకుందాం.

ప్రార్థన: ప్రభువా, కప్పు విప్పినవారిని మీరు కోపగించుకోలేదు. మా తలుపులూ, మా గడపలూ, మా హృదయాలూ విప్పే ధైర్యం మాకు దయచేయండి. మంచాన ఉన్న మా సహోదరునికి మీ పిలుపు వినిపించండి. రాత్రి మేలుకొనే ఆ తల్లికి బలమివ్వండి. మోసే మా భుజాలు అలసిపోకుండా మాకు తోడివ్వండి. ఆమెన్.